బండ వేషం అడిగిన డబ్బీ

ఏమయ్యా, నిన్నే. కాలు మీద కాలేసుకుని కథ చదవడానికి కూర్చున్న పెద్దమనిషీ. పొద్దున దొడ్డికి పోయినప్పుడు ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసుకున్నావా? లేదు. నీళ్ళు కొట్టేసి, ముక్కు మూసుకుని బయటికొచ్చావు. ఇప్పుడేమో కథ మొదలే ఇట్లా కంపు కొడుతోందేమని ముఖం చిట్లిస్తున్నావు. చిట్లించు, పరవాలేదు. నేనూ నీలాంటి పెద్దమనిషినే. కాకపోతే ఐదో తరగతితో బడికి దండం పెట్టి, తిరుపతిలో ఆటో తోలుకుంటున్న పెద్దమనిషిని.

మా అన్న మునిప్రసాద్ కూతురు ప్రసన్నకుమారి మా వీధికి ఆశా వర్కరు. గంగమ్మ జాతరకు నెల ముందు ఒక సంచీ భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగింది. సంచీలో చిటికెన వేలంత ప్లాస్టిక్ డబ్బీలు. మూతకే ఒక పుల్ల అతికించి ఉంటుంది. ఆ పుల్లతో మలాన్ని నాలుగు చోట్ల గీకి, డబ్బీలో పెట్టి, మూత బిగించి ఇవ్వాలి. ఆసుపత్రిలో ఊరికే పరీక్ష చేస్తారు.

"పెద్ద పేగులో గడ్డ ఉంటే కంటికి కనపడనంత రక్తం పడతాది చిన్నాయనా. నొప్పుండదు, ఏమీ ఉండదు. ఈ పరీక్షలో ముందే తెలిసిపోతాది. నలభై ఐదు దాటినోళ్ళంతా ఇయ్యాల," అంది.

వీధిలో ఎవరూ ఇవ్వలేదు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్ళు పని ఉందని జారుకున్నారు. నేను మాత్రం మర్నాడే ఇచ్చాను. నలభై తొమ్మిదేళ్ళవాడిని, బుద్ధిగా నా పేరు రాయించి మరీ ఇచ్చాను. లోపల పెట్టింది మామిడి తాండ్ర.

పరీక్ష చేసేవాళ్ళు పిల్లను బాగా చీవాట్లు పెట్టారట. సాయంత్రం నా ఆటో దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకుని నవ్వు బిగబట్టుకుని కూర్చున్నాను. తిట్టలేదు.

"మా నాయన కూడా నీ మాదిరే నవ్వినాడు చిన్నాయనా," అని వెళ్ళిపోయింది.

మా అన్న పూతలపట్టులో మామిడి తోటలకు కాపలా ఉండేవాడు. రెండేళ్ళు మొలలనుకుని ఆకు పసరు తాగాడు. తిరుపతికి తీసుకొచ్చి చూపించేసరికి కడుపంతా పాకిపోయి ఉంది. యాభై ఒకటికి పోయాడు. ప్రసన్న మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకున్నదాన్ని పీకి పారేసి మర్నాడు మళ్ళీ ఆటో తోలాను. నాకేం, రాళ్ళు తిన్నా అరిగే కడుపు.

ఇక మా బావ గంగాధరం సంగతి. మా అక్క దేవకమ్మ మొగుడు. రేణిగుంటలో ఒక గోడౌన్‌లో మూటలు మోస్తాడు. ఆయనకు ఎగతాళి అనేది తెలియదు. ఎవరేం చెప్పినా నమ్ముతాడు. ఒకసారి గూడూరుకు పోవాల్సిన మనిషిని కోడూరు బండి ఎక్కించాను. అక్కడ దిగి, ఎదురు రైలు పట్టుకుని తిరిగొచ్చి, "బండి మారిపోయింది చెంగల్రాయా, నేనే సరిగ్గా చూసుకోలా," అన్నాడు. అట్లాంటి మనిషి.

ఒకరోజు సాయంత్రం రేణిగుంట నుంచి నా ఆటోలోనే ఇంటికి వస్తున్నాడు. ముందు సీట్లో నా పక్కనే కూర్చున్నాడు.

"చెంగల్రాయా, ఒక మాట. మీ అక్కకి చెప్పబాక."

"ఏంది బావా, రెండో ఇల్లు పెట్టినావా?"

ఆయన నవ్వలేదు. రోడ్డుకేసి చూస్తూ, "నెల దినాలుగా రక్తం పడతా ఉండాది," అన్నాడు.

ఆటో పక్కకు ఆపాను. వెనక కూర్చున్నవాళ్ళు ఏమైందని అడుగుతున్నా నాకు వినపడలేదు. మా అన్న పడుకున్న ఆసుపత్రి మంచమే కళ్ళ ముందు కనిపించింది.

"రేపే ఆసుపత్రికి పోదాం పా."

"రాను."

"పోనీ, ప్రసన్నకి ఆ డబ్బీ అయినా ఇచ్చినావా?"

"ఇయ్యలా. ఇస్తే ఉండేది తెలిసిపోతాది కదబ్బా. తెలిసినాక చేసేదేముంది? మీ అన్నని చూసినాం కదా."

"తెలీకుంటే రోగం సిగ్గుపడి ఎల్లిపోతాదా?"

"పోకపోనీ. ఉన్నన్నాళ్ళు ఉంటా."

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఏదో ఒక సాకుతో రోజూ అక్క ఇంటికి పోయేవాణ్ణి. బావ ఎన్ని ముద్దలు తింటున్నాడో లెక్కపెట్టేవాణ్ణి. చొక్కా వదులైనట్టు కనిపించేది. మెడ కింద ఎముకలు తేలినట్టు కనిపించేది. అక్క మాత్రం ఏమీ తెలియక, "ఏమిరా, మీ బావని అట్లా మింగేసేటట్టు సూస్తావు?" అని నవ్వేది. చెబుదామని నోటిదాకా వచ్చేది. చెప్పబాకన్న బావ మాట గుర్తొచ్చి మళ్ళీ మింగేవాణ్ణి.

బతిమాలాను, బెదిరించాను. ఆయన టిఫిన్ క్యారియర్‌లో డబ్బీ పెట్టి పంపాను. కడిగిన క్యారియర్‌తో పాటు డబ్బీ కూడా శుభ్రంగా తిరిగొచ్చింది. ఇక దారి లేక ప్రసన్నకు విషయం చెప్పేశాను. పిల్ల తల వంచుకుని సంచీ సర్దుకుంది.

"నేనడిగితే ఇయ్యడు చిన్నాయనా. సిగ్గుపడతాడు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి," అంది.

అంతలో జాతర వచ్చింది.

మా తిరుపతి గంగమ్మ జాతరలో వారం రోజులు రోజుకో వేషం కడతారు. నేను ఏటా బండ వేషం కడతాను. ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, వేపమండలు చేతపట్టి వీధుల్లోకి వస్తే ఎంత పెద్దవాణ్ణయినా నోటికొచ్చినట్టు తిట్టవచ్చు. తిట్టించుకున్నవాడు కోపపడకూడదు. అమ్మ తిట్టిందని దండం పెట్టాలి. వేషం గడప దగ్గరికి వచ్చి అడిగితే లేదనకుండా ఇవ్వాలి. వేషంలో ఉన్నవాడు ఒక మాట అన్నాడంటే అదీ తప్పకూడదు. మా వీధిలో ఈ రెండూ ఇప్పటికీ ఎవరూ మీరలేదు.

మామూలు రోజుల్లో ఎవరూ పలకని మాటలు వేషం కట్టినవాడు పలకొచ్చు. ఆ పొద్దున ప్రసన్న సంచీలోని డబ్బీలు పది తీసి మొలకు కట్టుకున్నాను. పలక డప్పులు మోగుతుంటే వీధిలో ప్రతి గడప ముందూ నిలబడి, వాళ్ళ వాళ్ళ దొడ్డి సంగతులన్నీ ఏకరువు పెట్టి తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయను, అచ్చు వేసేవాడు పారిపోతాడు. జనం కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే ఎదురింటి చెంగమ్మ ఒక డబ్బీ తీసుకుంది. ఆమె వెనక ఇంకో నలుగురు తీసుకున్నారు. నేను మాత్రం నవ్వలేదు. నా చూపంతా వీధి చివరి ఇంటి మీదే ఉంది.

బావ గడపలో నిలబడి ఉన్నాడు. అక్క నా కాళ్ళకు పసుపు నీళ్ళు పోసింది. మిగిలిన తిట్లన్నీ అక్కడ కుమ్మరించాను. ఒక చోట తిట్టు సగంలోనే ఆగిపోయింది. జనం అది కూడా ఆటలో భాగమే అనుకున్నారు.

"ఒరే గంగాధరం, నాకు బియ్యమొద్దు, దుడ్డొద్దు. డబ్బీ నింపి ఇయ్యి. అమ్మ అడగతా ఉండాది," అని మొల నుంచి ఒక డబ్బీ తెంపి ఆయన ముందు చాచాను.

బావ రెండు చేతులూ జోడించాడు. డప్పులు ఆగిపోయాయి.

"నువ్విస్తే నేనూ ఇస్తా," అన్నాడు.

"ఇస్తాలే."

"తాండ్ర కాదు. అమ్మ ముందర చెప్పు."

జనం గొల్లుమన్నారు. ఆ మనిషి బతకాలి, నాకు కావాల్సింది అంతే. "అమ్మ ముందర చెప్తా ఉండా. నాది నేనిస్తా, నీది నువ్విస్తావు," అన్నాను.

మర్నాడు పొద్దున ఇద్దరం ఇచ్చాం. నా జన్మలో మొదటిసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను. మామూలుగానే ఉంది. ఎర్రగా ఏమీ లేదు. మూత బిగించి ప్రసన్న చేతిలో పెట్టి ఆ సంగతి మరిచిపోయాను. మరిచిపోనిది బావ డబ్బీ ఒక్కటే. పది రోజులు ఆటోలో ఎవరు ఎక్కారో, ఎవరు దిగారో నాకు తెలియదు. ఆయన రోగం చేయి దాటిపోతే అక్కకు ఏం చెప్పాలో, ఇంత ఆలస్యం ఎందుకు చేశావంటే ఏం బదులివ్వాలో అదే ఆలోచన.

పదకొండో రోజు నేను అక్క ఇంట్లో ఉండగా ప్రసన్న వచ్చింది. చేతిలో రెండు కాగితాలు ఉన్నాయి.

"మామది సూసినావా? ఎట్లుండాది?" అన్నాను.

"ఆయనకేం లేదు చిన్నాయనా. బాగుండాడు."

లేచి బావను కౌగిలించుకున్నాను. నవ్వాను, కళ్ళు తుడుచుకున్నాను, మళ్ళీ నవ్వాను. బావ మాత్రం నవ్వలేదు. ప్రసన్న కూడా నవ్వలేదు. రెండో కాగితం నా ముందు చాచింది.

"చిన్నాయనా, నీ దాంట్లో రక్తం ఉండాది."

"పోవే. డబ్బీలు మారిపోయుంటాయి."

"మారలేదు. పేరు సూసి, నంబరు సూసి రెండుసార్లు అడిగినా."

"నాకు యాడ పడింది రక్తం? పడతా ఉండేది మీ మామకి కదా," అని అరిచేశాను.

అక్క వంటింట్లోంచి గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. "ఎవురికి రా రక్తం?"

బావ తల దించుకున్నాడు. కాలి బొటనవేలితో నేల రాస్తూ నిలబడ్డాడు. ఆ నిలబడటం చూశాకే నాకు అర్థమైంది. గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"నీ కోసమంటే నువ్వియ్యవు చిన్నాయనా," అంది ప్రసన్న. "మామ కోసమంటే ఇస్తావు. రక్తం పడతాదని నేనే మామని చెప్పమనినా. మా నాయన తమ్ముడివి నువ్వు. వీధంతా ఇయ్యకపోయినా నీది నాకు కావాల."

కడుపు మీద చేయి పెట్టుకున్నాను. ఎక్కడా నొప్పి లేదు. మా అన్నకూ మొదట్లో నొప్పి లేదు. సోమవారం పెద్దాసుపత్రిలో గొట్టం వేసి చూస్తారట. గడ్డ ఉంటే ఎంతుందో, ఎంత పాకిందో అప్పుడు గానీ చెప్పలేరట. రక్తం కనపడినంత మాత్రాన గడ్డే అని కాదని ప్రసన్న మళ్ళీ మళ్ళీ చెబుతోంది. ఆ మాట చెప్పేటప్పుడు నా ముఖంకేసి చూడటం లేదు.

బావ వచ్చి నా పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"సోమవారం పనికి రానని మేస్త్రీకి చెప్పేసినా. నేనూ వస్తా," అన్నాడు.

"నిజంగా నీకు పడలేదా బావా?"

"పడలేదబ్బా."

"సిగ్గులేదా నీకు? గంగమ్మ ముందర అబద్ధమాడినావే."

ఆయన ఏదైనా ఆలోచించే చెబుతాడు.

"అబద్ధం నీ ఆటోలో చెప్పినా చెంగల్రాయా. అమ్మ ముందర నువ్విస్తే నేనిస్తానని మాత్రమే అన్నా. ఇచ్చినా కదా."