వేలికందే చార్మినార్

షుగరు జబ్బు షుకూర్ కళ్ళను కొంచెం కొంచెంగా కొరుక్కు తినేసింది. మిగిలిన కాస్త వెలుతురూ రంజాన్‌కు ముందే పోయింది. ఆ సంగతి పెళ్ళాం జహేదాకు చెప్పలేదు, మొండిమనిషి. దేవరయాంజాల్‌లో తను పుట్టి పెరిగిన ఇల్లే గనక గోడలు తడుముకుంటూ దొరక్కుండా నెట్టుకొస్తున్నాడు.

ఇక అతనికి కనబడేవల్లా తాత దాచిన తపాలా బిళ్ళలు. నిజాం కాలంలో టపా మోసిన మనిషి ఆ తాత. అప్పట్లో బొమ్మను లోహం మీద చెక్కి అచ్చు వేసేవారు. సిరా గీతలు కాగితం మీద పైకి తేలి ఉండేవి. షుకూర్ వేలికొన ఆనిస్తే చాలు, చార్మినార్ మీనార్లు, కమాను, అంచు లతలు ఒక్కొక్కటే వచ్చి నిలబడేవి. తర్వాతి కాలపు బిళ్ళలూ ఉన్నాయి. నెమళ్ళు, రైళ్ళు, పూలు, రంగులకేం, పెళ్ళిపందిరే. వేలికి మాత్రం అన్నీ ఒకటే నున్నన. పాతవాటితోనే అతని పొద్దు గడిచేది.

పొద్దస్తమానం బిళ్ళలు తడిమే మొగుణ్ణి చూసి జహేదాకు గుబులు, చెమటకు ఎక్కడ పాడైపోతాయోనని. ఆధార్ కార్డులు వచ్చిన కొత్త అది. ఊరంతా వాటిని మేడ్చల్ తీసుకుపోయి లామినేషన్ చేయించుకొస్తోంది. భద్రమంటే అదేనని జనం నమ్మకం. జహేదా తమ కార్డులతో పాటు తాత బిళ్ళలనూ పట్టుకుపోయింది, చెప్పకుండా, సంబరపెడదామని.

సాయంత్రం వచ్చి, బిళ్ళలన్నీ వరసగా అతికిన ప్లాస్టిక్ అట్ట అతని చేతిలో పెట్టింది. ఆమె మొగుణ్ణి పిలిచేది కొడుకు పేరుతోనే.

“సైఫ్ అబ్బా, ఇగ చెమట తగిలినా ఏం గాదు. ఎట్ల మెరుస్తున్నయో సూడుండ్రి.”

షుకూర్ వేలు ఆనించాడు. జారిపోయింది. ఇంకోచోట ఆనించాడు. గోరుతో గీకాడు. గోటికీ ఏ గీతా తగల్లేదు.

“మంచిగున్నయ్,” అన్నాడు. “చార్మినార్ మస్తు కనబడ్తాంది.”

జహేదా అట్ట మీద చెయ్యి వేసింది.

“మీ ఏలు పెట్టింది ఎనుక దిక్కు,” అంది. “ఒట్టి తెల్ల కాయితం.”

ఇక దాచడానికేముంది? కళ్ళ సంగతీ వేలి సంగతీ చెప్పేశాడు. ఆమె ఏడుస్తూ అంచు ఊడబీకబోయింది.

“వద్దు. వేడికి అతుక్కున్నయ్. లాగితే బొమ్మ గూడ దాంతోనే ఊడొస్తది.”

ఆమె మీద కోపమన్నా వస్తే బాగుండేది. రాలేదు.

“పోనీ నువ్వు సూసి జెప్పు,” అన్నాడు చివరికి. “చార్మినార్ ఎట్లున్నది?”

ఆమె దర్వాజ దగ్గరి వెలుతురుకు జరిగిన అలికిడి వినిపించింది.

“మీనార్లున్నయ్.”

“ఇంకా?”

“సుట్టూ ఏవో గీతలున్నయ్.”

“గీతలు ఎట్లున్నయ్?”

జహేదా ఇంకాసేపు చూసింది.

“గీతలే,” అంది.