ఆపమన్నవాళ్ళే అసలు గిరాకీ

అక్క మొగుడు కంపెనీ పెట్టి గోడకు మొట్టమొదట తగిలించింది అంకెల పలక. దుకాణాల తరఫున జనం ఫోన్లకు మెసేజీలు కుమ్మరించే సాఫ్ట్‌వేర్ వాళ్ళ సరుకు. ఎవరైనా తిరిగి జవాబిస్తే పలకమీద అంకె పెరిగి గంట టింగుమంటుంది. వెంటనే ఉద్యోగులంతా లేచి చప్పట్లు కొట్టాలి. అదీ బావగారి పద్ధతి.

సాఫ్ట్‌వేర్ రాసింది ఆయన మరదలు, ఆ అక్క చెల్లెలు. మొదటి బేరంగా చెప్పుల కొట్టు పిన్నిని తెచ్చిందీ ఆమే. సగం ఊరి పాదాల కొలతలు నోటికి వచ్చిన పిన్ని, "నీ మొహం చూసి ఇస్తున్నానే" అంటూ కొనేవాళ్ళ నంబర్ల పుస్తకం ఆమె చేతిలో పెట్టింది.

"జవాబిచ్చాడంటే ఆసక్తి ఉన్నట్టే. వాడికి రెండింతలు పంపు," అన్నాడు బావ. ఆమె అలాగే రాసింది. జవాబులో ఏముందో చూడాలని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆర్నెల్లు గంట ఊపిరి తీసుకోలేదు. పత్రికల్లో బావ ఫొటో వచ్చింది, చేతులు కట్టుకుని, తనకొక్కడికే కనబడేదేదో ఆకాశంలో చూస్తూ. కొత్త ఆఫీసులో పడుకుని ఆలోచించడానికి మెత్తటి సంచుల్లాంటి కుర్చీలు వేయించాడు. పడుకున్నవాళ్ళకు కొదవ లేదు.

ఒక మధ్యాహ్నం పిన్ని ఫోన్ చేసింది.

"ఏమే, పాత బేరాలన్నీ మొహం తిప్పుకుని పోతున్నాయే! టైలరు ఏమన్నాడో తెలుసా? 'ఆపమని పదకొండుసార్లు పెట్టాను. నాకున్నవి రెండే కాళ్ళక్కా' అన్నాడు."

మరదలు జవాబులు తెరిచింది. కంపెనీ పుట్టాక వాటిని చదివిన మొదటి మనిషి ఆమే. "వద్దు." "ఆపండి." "ఆపు నాయనా, దణ్ణం పెడతా." "మా ఆయన పోయారు, ఆయన ఫోనుకు పంపకండి." తిట్లు సరేసరి. వందకు తొంభై ఆరు ఇవే. వద్దన్నవాడికి రెండు, మళ్ళీ వద్దంటే నాలుగు. ఆ చెత్త రాసింది తన చేతులే.

"పట్టింపు లేకపోతే తిడతారా?" అన్నాడు బావ. "ఎల్లుండి పెట్టుబడి పెట్టేవాళ్ళు వస్తున్నారు. పలక జోలికెళ్ళకు."

"పిన్ని కొట్టు మూతపడుతుంది బావా."

"చెప్పుల కొట్టే కదా!"

ఆ రోజు రానే వచ్చింది. బావ పలకకు వీపుపెట్టి, కోట్లున్న నలుగురి ముందు లోకాన్ని ఉద్ధరిస్తున్నాడు. వెనక కూర్చున్న మరదలు సాఫ్ట్‌వేర్‌లో ఒక్క వరుస చేర్చింది: వద్దన్నవాళ్ళకు పంపొద్దు, వాళ్ళను లెక్కపెట్టొద్దు. నాలుగు లక్షల అంకె జారి జారి పదహారువేల దగ్గర ఆగింది. అందులోనూ సగం ఉద్యోగులు తమకు తాము పెట్టుకున్నవే. అలవాటుకొద్దీ ఒకడు చప్పట్లు మొదలుపెట్టి, చుట్టూ చూసి, చేతులు జేబుల్లో దాచుకున్నాడు.

"ఏం చేశావే?"

"చదివాను బావా."

మూడు నెలల్లో ఆఫీసు ఖాళీ. బావ ఇప్పుడు ఓటమి నేర్పిన పాఠాలమీద కాలేజీల్లో ఉపన్యాసాలిస్తున్నాడట. అక్కడా చప్పట్లకు లోటు లేదు.

పిన్ని కొట్టు తలుపుకు మరదలి దస్తూరీతో ఒక అట్ట వేలాడుతోంది: "ఇక్కడ ఫోన్ నంబరు అడగం." మొన్న టైలరు దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత లోపలికి ఒక్క కాలు మాత్రం పెట్టి, కొలత తీయమన్నాడు.