ఆరని రంగు మీద వేలు

ఆయన్ని ముందు తలుచుకోకపోతే ఇంటికెళ్ళాక మూతి ముడుచుకుంటాడు, కాబట్టి మొదట మొగుడు, అని వేదిక మీద కుర్చీ అంచున కూర్చుని ఆమె థాంక్స్ చెప్పాల్సినవాళ్ళ వరస కూర్చుకుంటోంది, బొమ్మలు వేసుకోవడానికి వెనక వరండా ఇచ్చాడు, వాషింగ్ మెషీన్‌కి పోగా మిగిలిందే అనుకో, ఇచ్చాడు కదా, కృతజ్ఞత అలవాటు చేసుకోవాలమ్మా, ఆర్టిస్టుకి అదే ఊపిరి అని గ్యాలరీ మేడం పొద్దున కూడా చెప్పింది, ఆవిడకీ చెప్పాలి, ఇన్నేళ్ళకి మొదటి ప్రదర్శన, ఇంత హాలు ఎవరిస్తారు అని తనే పదేపదే గుర్తు చేస్తోంది పాపం, ఆ తర్వాత ఆడపడుచు, మా సోఫాకి నప్పే నీలం బొమ్మ ఏదైనా ఉంటే తీసిపెట్టు వదినా అంది, అంతకన్నా ప్రోత్సాహం ఏం కావాలి, మొగుడు పక్కాయనకి చెబుతున్నాడు, ఏదో కాలక్షేపానికండీ, ఖాళీగా ఉండలేదు, ఖాళీ, ఆ మాట వింటే వంటింట్లో కుక్కర్ కూడా ఈలేసి నవ్వుతుంది, అందరి మొహాలూ ఇటే, గోడల వైపు ఒక్కటీ లేదు, ఒక్కరైనా, ఒక్కసారైనా, సరిగ్గా చూస్తారనే కదా ఇన్నాళ్ళూ వేసింది.

అత్తగారికి మాత్రం చెప్పదు, చచ్చినా చెప్పదు, ప్రతి బొమ్మకీ వంక పెట్టిన మనిషి, ఆ కుండేంటే, దొర్లిపోయేలా ఉంది, ఆ పిల్ల చెయ్యేంటి, గరిటెలా, పైగా ఆరిందో లేదో అని వేలు పెట్టి చూడటం, ఎవరత్తయ్యా ముట్టుకుంది అంటే నాకేం పనమ్మా అనడం, అనేటప్పుడు ముక్కు మీద ఎర్రరంగు, ప్రతి బొమ్మకీ ఏదో ఒక మూల ఆ వేలిముద్ర, పళ్ళు నూరుకుంటూ ఆమె దాని మీద రంగు పూసెయ్యడం, ఆ చేత్తోనే కుండనీ కుదురుగా దిద్దడం, అవును, దొర్లిపోయేలాగే ఉండేది మరి.

ఇంతకీ ఈ అత్తగారు కుర్చీలో లేదే, అదిగో, అందరికీ వీపు పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, కిటికీ బొమ్మకి ముక్కు ఆనేంత దగ్గరగా, వేలు లేస్తోంది, అయ్యో అది నిన్ననే దిద్దింది, ఇంకా పచ్చి, మేడం పరుగెత్తింది, ముట్టుకోకూడదండీ పెద్దమ్మగారూ, ముట్టుకోకపోతే ఎలా తెలుస్తుందమ్మా, ఇదిగో, ఎండ ఇటునుంచి వస్తుంటే నీడ కూడా ఇటే పడిందేంటి, హాలంతా గొల్లున నవ్వింది, మొగుడు తల దించుకున్నాడు, ఆమె మాత్రం నీడ వైపు చూసింది, నిజమే, తప్పే.

మైకు చేతికొచ్చింది, మొగుడికి, మేడంకి, ఆడపడుచుకి, అనుకున్న వరస తప్పకుండా చెప్పేసింది, చప్పట్లు బాగానే పడ్డాయి, అత్తగారు కొట్టలేదు, వేలికంటిన రంగు చూసుకుంటోంది, అప్పుడు తెలిసింది ఆమెకు, తన బొమ్మల్ని ఈ లోకంలో ఒకరు చూశారనడానికి సాక్ష్యం ఆ వేలిముద్రలేనని, ఇవాళ్టిది తప్ప ఒక్కటి కూడా మిగలకుండా వాటిని కప్పేసింది తన చెయ్యేనని.