ఉత్తుత్తి మాత్ర

హారన్ గారు మెట్లెక్కుతున్నాడంటే పై అంతస్తులో మైక్రోస్కోపు ముందు కూర్చున్న డాక్టరమ్మకి తెలిసిపోయేది. మనిషి బస్సు డ్రైవరు, గొంతు బస్సుకంటే పెద్దది. రక్తం తీసే నర్సు ఆ పేరు పెడితే ఆయనకీ తెగ నచ్చేసింది.

"డాక్టరమ్మా, మీ మందు మామూలుది కాదండోయ్! ఆకలి దంచేస్తోంది. ఒళ్ళు దూదిపింజలా తేలిపోతోంది. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి, గురక కూడా పోయింది."

"గురకేం పోలేదు, నాకు అలవాటైపోయింది," అనేది వెనకాలే ఆయాసపడుతూ వచ్చిన భార్య.

డాక్టరమ్మ నవ్వేది గానీ లోపల ఏదో పీకుతూనే ఉండేది. ఆవిడ బతుకంతా కాలేయం చుట్టూనే తిరిగింది మరి. పెళ్ళయిన కొత్తలో "నాకంటే నీకా లివరే ఎక్కువ" అని మొగుడు అలిగేవాడు. ఇప్పుడు పాపం ఆయనే రోజూ టిఫిన్ డబ్బా కట్టిస్తున్నాడు. ఒంట్లో చేరి, ఏళ్ళ తరబడి చడీచప్పుడూ లేకుండా కాలేయాన్ని తినేసే వైరస్ ఒకటుంది. దాని అంతు చూడాలని తలలు బద్దలు కొట్టుకున్నవాళ్ళలో ఈవిడా ఒకతె. ఇన్నాళ్ళకి ఒక మాత్ర చేతికొచ్చింది. అది పనిచేస్తుందో లేదో తేలాలంటే కొందరికి అసలు మాత్ర ఇవ్వాలి, కొందరికి అచ్చం అలాగే కనబడే, మందు లేని ఉత్తుత్తి పిండి మాత్ర ఇవ్వాలి. ఎవరికేది పడిందో మింగేవాడికీ తెలియకూడదు, ఇచ్చే డాక్టరుకీ తెలియకూడదు. అంతా అయ్యాకే గుట్టు విప్పుతారు. ఇదంతా ముందే విడమరిచి చెప్పి, ఒప్పుకున్నవాళ్ళనే చేర్చుకున్నారు. హారన్ గారు బుద్ధిగా తలూపాడు. తలూపి, తనకి దక్కింది అసలుదేనని ఆ రోజే తేల్చేసుకున్నాడు!

గుట్టు విప్పారు. మందు పనిచేసింది. మింగినవాళ్ళలో దాదాపు అందరి ఒంట్లోంచీ వైరస్ పోయింది. గదిలో పెద్ద పెద్ద డాక్టర్లు చిన్నపిల్లల్లా గెంతారు. డాక్టరమ్మ మాత్రం హారన్ గారిది ఏ మాత్రో వెతుక్కుంది. ఉత్తుత్తిది. ఈలోగా ఆయన కాలేయం ఇంకాస్త గట్టిపడిందని స్కానింగులో తేలింది. ఇప్పుడు అసలు మందు ఇస్తారు, అది ముందు అనుకున్నదే. కానీ జబ్బు మరీ ముదిరిపోయి ఉంటే, వైరస్ చచ్చినా కాలేయం కోలుకోదు.

మొగుడూ పెళ్ళాలిద్దర్నీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"అంటే ఇన్నాళ్ళూ నేను మింగింది పిండా?" అన్నాడు హారన్ గారు.

"అవునయ్యా."

"ఈయన లోపల చెడిపోతుంటే మీరు చూస్తూ కూర్చున్నారా?" భార్య కస్సుమంది.

"కూర్చున్నానమ్మా. ఎవరికేది పడిందో నాకూ తెలియదు. నీ కోపం న్యాయమే, తిట్టు, పడతాను."

ఆవిడ తిట్టలేదు. కళ్ళొత్తుకుంది.

"మరి నా ఆకలి సంగతేంటి?" అన్నాడాయన.

"ఆకలి మీకు పుట్టుకతోనే ఉంది, దానికి మాత్రలెందుకు!" అంది భార్య.

ఏడుస్తూనే ముగ్గురూ నవ్వేశారు. కాసేపటికి ఆయన గొంతు తగ్గించి, "మా పిండి బ్యాచి లేకపోతే అసలుది పనిచేసిందని తెలిసేది కాదా?" అనడిగాడు.

"తెలిసేది కాదయ్యా, ఒట్టు."

"అయితే ఫరవాలేదు, ఊరికే పోలేదు. ఇవ్వండి చూద్దాం," అంటూ చెయ్యి చాచాడు.

ఈసారి మందు మింగినన్నాళ్ళూ ఆయన గొప్పలు పోలేదు. ఎలా ఉందయ్యా అంటే, "ఏమో డాక్టరమ్మా, ఇప్పుడు నోరు జారితే మళ్ళీ పిండే అంటారని భయం," అనేవాడు. అంతటి మనిషి అలా ముడుచుకుపోతుంటే డాక్టరమ్మకి అన్నం సయించేది కాదు. డబ్బా అలాగే తిరిగొస్తుంటే మొగుడు గొణుక్కునేవాడు.

మందు ఆపిన కొన్ని నెలలకి ఆఖరి పరీక్ష చేశారు. రక్తంలో వైరస్ జాడ లేదు. గట్టిపడిన కాలేయం మెత్తబడుతోంది. ఫలితాలు వినడానికి వచ్చినవాళ్ళతో వరండా నిండిపోయింది. అందరికంటే ముందు లోపలికొచ్చింది వీళ్ళిద్దరే.

"మా నెత్తిన పాలు పోశావు తల్లీ! చచ్చి నీ కడుపున పుట్టినా నీ మేలుకి రుణం తీరదు," అంటూ భార్య డాక్టరమ్మ రెండు చేతులూ పట్టేసుకుంది.

"మేలు చేసింది మీ ఆయనమ్మా. పిండి మాత్ర మింగుతూ, అది మందేనని నమ్ముతూ ఇన్నాళ్ళు ఓపిక పట్టాడు. ఆయన లాంటివాళ్ళు లేకపోతే నా చదువెందుకు, తగలెయ్యనా! నేనే మీకు దణ్ణం పెట్టాలి." అనడమే కాదు, లేచి నిలబడి పెట్టింది కూడా.

హారన్ గారు కంగారుపడిపోయాడు. ఏమనాలో తోచక, "సరే, మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు.

డాక్టరమ్మ ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ఈ జబ్బుతో వచ్చిన ప్రతివాళ్ళకీ "వచ్చే నెల రండి" అనే చెప్పింది. వాళ్ళు వచ్చినన్నాళ్ళు వచ్చారు. ఆ తర్వాత ఎవరో ఒకరు వచ్చి, వాళ్ళిక రారని చెప్పి వెళ్ళేవారు.

"ఇక రానక్కర్లేదయ్యా," అంది. తన చెవులతో తనే ఇంకోసారి వినాలనిపించిందేమో, మళ్ళీ అంది. "రానక్కర్లేదు."