బావమరిది మినహా అందరిలోనూ

అన్ని ప్రాణుల్లోనూ ఉన్నది ఒక్కడే అయితే, బావమరిదిని చూడగానే ఒళ్ళెందుకు మండుతుంది? దర్జీని ఏళ్ల తరబడి పీడిస్తున్న సందేహం ఇది. పొద్దున్నే దీపం ముందు కూర్చుని, "అందరిలోనూ నువ్వే స్వామీ" అంటాడు. అనీ అనకముందే బావమరిది మీసాలు కళ్ళ ముందుకొచ్చి వాలతాయి. దేవుడి దగ్గరే అబద్ధమాడుతున్నానేమోనని లోపల ముల్లు గుచ్చుకుంటుంది.

గొడవంతా ఒక నిచ్చెన గురించి. గోడలకు రంగులేసే బావమరిది దగ్గర దర్జీ దాన్ని అడిగి తెచ్చుకున్నాడు. తిరిగిచ్చేద్దామనుకున్న రోజే అతగాడు నలుగురిలో, "మా బావ ఇంకా పైనే ఉన్నట్టున్నాడు, దిగితే నిచ్చెన ఇస్తాడు" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అంతే, నిచ్చెన వరండాలోనే ఉండిపోయింది. ఇప్పుడు దాని మీద బట్టలు ఆరుతున్నాయి. దర్జీ భార్య తమ్ముడింటికి ఒంటరిగానే వెళ్ళొస్తోంది.

కూతురు చదివే బడిలో ఒక పద్ధతి ఉంది. నెలకోసారి పెద్దవాళ్ళెవరైనా వచ్చి తమ సందేహం అడగాలి. పిల్లలు కాసేపు కళ్ళు మూసుకుని ఊపిరిని గమనిస్తారు. తర్వాత నోటితో జవాబు చెప్పకూడదు, ప్రయోగశాలలోని వస్తువుతో చూపించాలి. ఈసారి దర్జీ వంతు వచ్చింది.

"నాన్నా, గొప్పకి పోయి ఏదో ఒకటి అడక్కు. నిజంగా నీకున్నదే అడుగు" అని కూతురు ముందే బెదిరించింది.

అడిగాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు. సైన్సు టీచరమ్మ పుస్తకం చాటున మొహం దాచుకుంది.

కళ్ళు తెరిచాక కూతురే లేచింది. చెక్కపెట్టెల మీద నిలబెట్టిన, కొడితే మోగే రెండు కొమ్మల ఉక్కు శ్రుతిదండాలు మూడు తెచ్చి, ఒకదాన్ని చిన్న సుత్తితో కొట్టి, వెంటనే చేత్తో పట్టి ఆపేసింది. అయినా గదిలో సన్నటి మోత. ఎవరూ ముట్టుకోకుండానే రెండోది మోగుతోంది! మూడోది మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"దానికేమైందే?" అన్నాడు దర్జీ.

సెకనుకి ఎన్నిసార్లు అదురుతాయో వాటి మీద చెక్కిన అంకెలు కూతురు చూపించింది. మొదటి రెండింటికీ ఒకటే అంకె, మూడోదానికి వేరు. తర్వాత మొదటిదాన్ని నాన్న ముందుకు జరిపి, రెండోదాని పెట్టె మీద సుద్దతో మీసాలు గీసింది.

"అంటే, నేనూ వాడూ ఒకటే బాపతా!"

తరగతి గొల్లుమంది.

"మరి ఆగేదెలా తల్లీ?"

కూతురు నాన్న చెయ్యి పట్టుకుని, ఇంకా మోగుతున్న మీసాలదాని మీద మెల్లగా ఆనించింది. మోత ఆగిపోయింది.

ఆ సాయంత్రం దర్జీ ఆరిన బట్టలన్నీ తీసేశాడు. నిచ్చెనకు ఒక కొస తానూ, ఇంకో కొస కూతురూ పట్టుకుని బావమరిది గుమ్మం ముందు దించారు.

"ఏంటి బావా, ఇన్నాళ్ళకి దిగావా?" అన్నాయి మీసాలు.

దర్జీ ఒంట్లో మోత మొదలైంది. కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చి వదిలాడు. ఒక్క అడుగు ముందుకేసి, బావమరిది భుజం మీద చెయ్యి ఆనించాడు.

"దిగాన్రా. ఇదిగో నీ నిచ్చెన. ఒక మెట్టు ఊగుతుంటే మేకు కొట్టాను."