కడబంతి

"ఆడ నువ్వు చేసేది ఏమీ లేదే. పోతావు, కూర్చుంటావు, తింటావు, బాగుండాది అంటావు, వస్తావు. అంతే," అన్నారు మా ఆయన, కోర్టుకు పోతూ తలపాగా సర్దుకుంటూ.

నేను కూర్చుని తినడమా? పైగా ఎలా ఉందో నోరు తెరిచి చెప్పడమా? కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈ రెంటిలో ఒక్కటీ నన్ను అడిగిన పాపాన పోలేదు ఎవరూ. మా ఆయన తిరుపతి మున్సిఫ్ కోర్టులో గుమాస్తా. ఊరి చివర ఉన్న ముసలివాళ్ల శరణాలయానికి సెక్రటరీ కూడా. అక్కడ సిద్ధమ్మ అనే ముసలావిడ ఈ కూడు తినలేమని నలుగురి ముందూ అనేసింది. కమిటీ పెద్దమనుషులు వెళ్లి తిని చూశారు. నెయ్యి పోసుకుని తిని, తాంబూలం వేసుకుని, దివ్యంగా ఉందని తిరిగొచ్చారు. అయినా సిద్ధమ్మ నోరు మూయలేదు. ఆడవాళ్ల పేచీ ఆడమనిషే తేల్చాలన్నారట కమిటీ అధ్యక్షుడు, నూనె మిల్లు మునిరామయ్య గారు. ఖర్చు లేకుండా దొరికే ఆడమనిషిని నేనే. నేను కూడా బాగుందంటే సిద్ధమ్మది ఒట్టి పొగరని తేలిపోతుంది, ఆదివారం కమిటీ కూర్చుని ఆమెను పంపించేస్తుంది.

"వంట చేసిపెట్టే పోమే. నువ్వు ఆడ తింటే ఈడ మా కడుపులు నిండవు," అంది మా అత్త వరదమ్మ.

వంట చేసి, వడ్డించి, అంట్లు తోమి, తనిఖీకి బయలుదేరాను.

శరణాలయం మేనేజరు చెంగయ్య గుమ్మం దాకా ఎదురొచ్చాడు. మొదటి బంతికి విస్తళ్లు వేసి ఉన్నాయి. మగవాళ్లంతా కూర్చున్నారు. అన్నం పొగలు కక్కుతోంది, పప్పు గట్టిగా ఉంది. వాళ్ల పక్కనే నాకొక పీట. "రాండమ్మా, కూర్చోండి," అన్నాడు చెంగయ్య. మగవాళ్లు తింటుంటే నేను కూర్చోవడమా? నా మోకాళ్లు వంగలేదు. "ఆడోళ్లతోపాటు కడబంతిలో కూర్చుంటాను," అన్నాను. చెంగయ్య ముఖం వాడిపోయింది. చాలా గట్టి మనిషిని పంపారనుకున్నాడు పాపం. అందులో నా తెలివేమీ లేదు, ఒట్టి అలవాటు.

కడబంతి వచ్చేసరికి అన్నం అడుగంటి ఉండలు కట్టింది. యుద్ధం ముగిసినా రేషను ముగియలేదు కదా, ఆ బియ్యంలో సగం రాళ్లే. పప్పు మొదటి బంతితోనే వెళ్లిపోయింది, మాకు మిగిలింది ఆ గిన్నె కడిగిన వేడినీళ్లు. నేను మాత్రం హాయిగా తిన్నాను. ఎవరో వడ్డించారు. మధ్యలో మజ్జిగనీ మంచినీళ్లనీ నన్నెవరూ లేపలేదు. మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా ఒకే చోట కూర్చుని తినడం అంటే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. చెంగయ్య చేతులు నలుపుకుంటూ వచ్చి ఎలా ఉందని అడిగాడు.

"శానా బాగుండాది," అన్నాను. మనసారా అన్నాను.

చెంగయ్య ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. ఆ మాట అందరికీ చెప్పడానికి పరుగెత్తాడు. నా పక్కన కూర్చున్న ముసలావిడ నోట్లో నాలుగు పళ్లు కూడా లేవు. మాడు ఉండలన్నీ విస్తరి అంచున పెట్టేసి, నా ఖాళీ విస్తరిని వింతగా చూసింది. ఆమే సిద్ధమ్మ.

"మీ ఇంట్లో నువ్వు ఎప్పుడు తింటావు బిడ్డా?"

"అందరూ తిన్నాక."

"ఏం మిగుల్తాది?"

చెప్పాను.

"అట్లయితే నిన్ను పంపించినోళ్లు మంచి తెలివైనోళ్లే. ఆ మొగోళ్లు మొదటి బంతిలో తిని బాగుండాదన్న్యారు. నువ్వు కడబంతికే అలవాటు పడి బాగుండాదన్న్యావు. ఇంగ నాకు దిక్కెవరు? ఈన్నుంచి తరిమితే పాకాల టేసన్లో అడుక్కోవాల్సిందే."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తేలక ముందు పప్పు మీద వచ్చింది, తర్వాత నా నాలుక మీద వచ్చింది. ఒట్టి మాడుకీ అన్నానికీ తేడా తెలియని నాలుకను తగిలించుకుని పరీక్ష చేయడానికి వచ్చాను, సిగ్గులేకుండా. ఇంటికి చేరేసరికి ఆ కోపం రావలసిన చోటికే వచ్చింది.

తప్పు చెప్పానంటే మా ఆయన వినరు. నా మాట మార్చాల్సిన పని లేదు, వాళ్ల పీటలు మారిస్తే చాలు. అందుకని అన్నం వడ్డిస్తూ అన్నాను: "ఆ సిద్ధమ్మ నోరు అట్లా మూతపడదండీ. ఆదివారం పెద్దమనుషులంతా ఆమె పక్కనే కడబంతిలో కూర్చుని తిని, బాగుండాదని మొగం మీదే చెప్పి పంపించండి."

"ఇన్నాళ్లకు నీకూ బుద్ధి వచ్చిందే," అని మెచ్చుకున్నారు. ఆ మాట తనదిగానే మునిరామయ్య గారికి చెప్పారట. నాకేం అభ్యంతరం లేదు.

ఆదివారం పొద్దున్నే వెళ్లి శరణాలయం వంటింట్లో గడప మీద కూర్చున్నాను. పెద్దవాళ్లకు వేరే కుండ పెట్టాలని చెంగయ్య అటూ ఇటూ తిరిగాడు. నన్ను దాటి రాలేకపోయాడు.

కడబంతి కూర్చుంది. మునిరామయ్య గారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని దవడ పట్టుకున్నారు. మా ఆయన గరిటె తీసుకుని గిన్నె అడుగంతా వెతికారు, పప్పు దొరకలేదు. సిద్ధమ్మ తల వంచుకుని తింటోంది.

"ఇది మనుషులు తినే కూడేనా చెంగయ్యా?" అన్నారు మునిరామయ్య గారు.

"సెక్రటరీగారింటి అమ్మగారే శానా బాగుండాదని చెప్పినారు సామీ," అన్నాడు చెంగయ్య.

అందరూ నావైపు తిరిగారు. మా ఆయన ముఖం ఎర్రబడింది. "ఈ మాడు తిని బాగుండాదని ఎట్లా చెప్పినావే?"

"మనింట్లో నేను రోజూ తినేది ఇదే కదండీ. తేడా తెలీలా," అన్నాను.

బంతిలో ఎవరూ నమలడం లేదు. మునిరామయ్య గారు మా ఆయన వైపు చూశారు, తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తన విస్తరిలోకి చూసుకున్నారు. ఆయన ఇల్లాలు ఎప్పుడు తింటుందో నేను అడగలేదు. చేతులు కడుక్కోక ముందే తీర్మానం అయిపోయింది. ఇక మీదట పళ్లు లేనివాళ్లకూ ఆడవాళ్లకూ మొదటి బంతి. సిద్ధమ్మను పంపే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆవిడ మాత్రం చెంగయ్యను పిలిచి, రేపటి నుంచి చారులో కాస్త ఇంగువ కూడా వేయించమంది.

మా అత్తకు కబురు మాకన్నా ముందే చేరిపోయింది. "నలుగుర్లో ఇంటి పరువు తీసినావు గదమే," అని సాయంత్రమంతా తిట్టింది. రాత్రి నేను రెండే కంచాలు పెట్టి, ఒకదాని ముందు కూర్చున్నాను. రెండో కంచం మా ఆయనదని మా అత్త అనుకుంది. "అత్తా, రా," అన్నాను. ఆమె నన్ను తిడుతూనే పీట లాక్కుని కూర్చుంది. పైన ఉన్న అన్నం, పైన ఉన్న పప్పు ఇద్దరికీ వడ్డించాను.

మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"నాకు ఆకలిగా ఉండాదే," అన్నారు.

"ఆకలంటే నాకు తెలుసండీ," అన్నాను, ఇంకో ముద్ద కలుపుకుంటూ.