దమ్ముకు దిగని కారు

ఎడమ చక్రం పక్కన సీలు అంచు మీద వేలు పెట్టి రాసి, ఆ వేలిని బల్బు వెలుతురులోకి చాపి చూసుకున్నాడు ఖాజా మొహిద్దీన్. తడి. చిక్కటి తొంభై నంబరు గేరు ఆయిలు. వాసన చూడాల్సిన పని లేదు. నలభై ఏళ్లుగా ఆ వాసన ఆయన చొక్కాలకే కాదు, భార్య మస్తాన్‌బీ ఆ చొక్కాలు ఉతికే బండకు కూడా పట్టుకుని ఉంది. అయినా చూశాడు. వేలిని ప్యాంటుకు తుడుచుకుని, బండి కింది గుంతలో నిలబడినవాడు నిలబడినట్టే కాసేపు కళ్లు మూసుకున్నాడు.

సీలు మార్చాక కూడా కారడం ఇది నాలుగోసారి.

గుంత మీద ఉన్నది ఇద్దరే కూర్చోగల ఎర్ర స్పోర్ట్స్ కారు. కోటప్పకొండ దారిలో మిర్చి, పత్తి పండించే పెద్ద రైతు కొడుకు సాయి కిరణ్ దాన్ని నిరుడు హైదరాబాదులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఇంటికి తెచ్చిన రోజు వాళ్ల నాన్న దాని చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, ఇందులో టిక్కీ ఎక్కడ పెడతారని అడిగాడట. మిర్చి బస్తా సంగతి అలా ఉంచితే, ఊళ్లో ఉన్న ప్రతి స్పీడు బ్రేకరూ దాని పొట్ట గీరింది. ఆ ముచ్చట తీరకముందే ఆయిలు కారడం మొదలైంది.

వెనక చక్రాల నడుమ గుమ్మడికాయంత ఇనప డబ్బా ఒకటి ఉంటుంది. ఇంజను ఇచ్చే తిప్పుడును రెండు చక్రాలకూ పంచేది అదే. కాగితాల్లో దాని పేరు డిఫరెన్షియల్. వినుకొండ రోడ్డు షెడ్లలో మాత్రం హౌసింగ్ అంటేనే పలుకుతుంది. దాని కడుపులో ఆయిలు, అందులోంచి ఇరుసులు బయటికి వచ్చే చోట ఆయిలు రాకుండా రబ్బరు సీళ్లు. ఎడమవైపు సీలును మొదట గుంటూరులో ఎవరో మార్చారు. ఆ తర్వాత మూడుసార్లు మార్చింది ఖాజాయే. ప్రతిసారీ పది పన్నెండు రోజులు బాగుండేది. తర్వాత సాయి కిరణ్ వాళ్ల పోర్టికో టైల్స్ మీద నల్లచుక్కలు.

సీలు మార్చడం పెద్ద విద్య కాదు, చిన్న విద్యే. కానీ నిఖార్సయిన విద్య. సీలును గూట్లో పెట్టి చుట్టూ సమంగా తట్టుకుంటూ పోవాలి. వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా కారుతుంది. ఖాజాకు కుడిచేతి బొటనవేలు గత రంజాన్ నుంచి వణుకుతోంది. టీ గ్లాసు పట్టుకుంటే టీ వణుకుతోంది. డాక్టరు వయసు అన్నాడు, ఒక బిళ్ల రాశాడు. బిళ్ల వేసుకుంటే నిద్ర వస్తోంది తప్ప వణుకు పోలేదు.

ఊళ్లో ఈ మాట పాకింది. ట్రాక్టర్ల వాళ్లు ఒకరిద్దరు షెడ్డు ముందు నుంచే పోతూ కూడా లోపలికి తిరగడం లేదు. "అరవై నాలుగేళ్లొచ్చినయ్, ఇంక చాలించు" అని మస్తాన్‌బీ రోజూ అంటోంది. చాలించాలనే ఆయనకూ ఉంది. నడుము నొప్పి, గుంత దిగి ఎక్కాలంటే మోకాళ్లు సహకరించవు. కానీ ఇప్పుడు మానేస్తే చెయ్యి పోయి మానేశాడంటారు. ఆ మాట మీద పడ్డాక ఇంట్లో ఎంత మెత్తటి పరుపేసినా నిద్ర పట్టదని ఆయన భయం. అసలు భయం ఇంకొకటి ఉంది. అనేవాళ్ల మాట నిజమేనేమోనని.

నిన్న సాయి కిరణ్ ఫోన్ చేసి గట్టిగానే చెప్పాడు. "రేపు సాయంత్రం దాకా చూస్తా మేస్త్రీ. తేలకపోతే బెంగళూరు పంపిచ్చేస్తా. నువ్వేం ఫీల్ గావాక."

ఫీల్ కాకుండా ఎలా ఉంటాడు?

పొద్దున బండి తెచ్చింది ఆ ఇంటి పాత ట్రాక్టరు డ్రైవరు కోటేశ్వరరావు. ఇప్పుడు షెడ్డు ముందు బెంచీ మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. ముప్పై ఏళ్లు వాళ్ల పొలాలు దున్నినవాడు, ఇప్పుడు కారు కడగడం, తుడవడం, కవరు కప్పడం అతని పని. కారుకు అతను చేసే సేవ చూసి వాళ్లావిడ రెండో కాపురమని ఎత్తిపొడుస్తుందట.

"కోటయ్యా," అని గుంతలోంచి పిలిచాడు ఖాజా. "ఈ చుక్కలు ఎప్పుడు పడతన్నయ్? పొద్దున్నే తీసేటప్పుడా, తిరిగొచ్చినాకా?"

కోటేశ్వరరావు పేపరు మడిచాడు. "నిలబెట్టి ఉంచితే ఎన్ని రోజులైనా పడదు భాయ్. లాంగు పోయొస్తే పడిద్ది. మొన్న కొండెక్కి దిగొచ్చినాక చూడు, చానా కారింది."

ఖాజా ఆ మాట విని ఊరుకోలేదు. సీలు ఒరిగి ఉంటే నిలబెట్టినా కారాలి కదా. ఈ ప్రశ్న మూడు నెలల కిందటే అడగాల్సింది. అడగలేదు. ఎందుకంటే తప్పు తన బొటనవేలిదేనని ఆయన ముందే తీర్పు చెప్పేసుకున్నాడు. తీర్పు అయిపోయాక సాక్షులను ఎవరు పిలుస్తారు?

కొత్త సీలు డబ్బా పక్కన పెట్టేశాడు. పెట్రోలులో గుడ్డ ముంచి హౌసింగును పైన చెయ్యి అందినంత మేరా తుడిచాడు. గంట పట్టింది. ఇన్నాళ్లూ గాలికి చిమ్మిన ఆయిలు, దాని మీద దుమ్ము కలిసి అట్టకట్టి, ఏది ఎక్కడ నుంచి వచ్చిందో తెలియకుండా చేసింది. ఆరిన తర్వాత ఇంటి నుంచి తెప్పించిన పౌడరు డబ్బా విప్పి కింద, పక్కల అంతా చల్లాడు. పక్కనే వెల్డింగు పెట్టుకున్న సుభానీ అద్దాలు నుదుటి మీదకి నెట్టి తొంగి చూశాడు.

"ఏంది మామూ, పెళ్లికూతుర్ని చేస్తన్నావా?"

"చేసి ఊరేగిస్తా, చూడు."

ఊరేగింపుకు కోటేశ్వరరావు స్టీరింగు పట్టుకున్నాడు. ఖాజా పక్క సీట్లో కూర్చుంటే మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. కోటప్పకొండ ఘాటు రోడ్డు ఎక్కి, పైన ఆగకుండా తిప్పుకుని, మళ్లీ షెడ్డుకు వచ్చారు. దారి పొడవునా కోటేశ్వరరావు ఏవో కబుర్లు చెప్పాడు కానీ ఖాజాకు ఒక్కటీ ఎక్కలేదు. ఎడమవైపు ఒక్కచోటే తడి కనిపిస్తే ఏం చేయాలో ఆలోచించుకుంటున్నాడు. అప్పుడిక దాచుకునేదేమీ ఉండదు. సాయి కిరణ్‌కు తనే చెప్పాలి, నా చెయ్యి పోయింది బాబూ అని. ఆ వాక్యాన్ని మనసులో రెండుసార్లు అనుకుని చూశాడు. రెండుసార్లూ మధ్యలోనే ఆగిపోయింది.

బండి గుంత మీద నిలబడగానే బల్బు పట్టుకుని దిగాడు.

తెల్లటి పౌడరు మీద ఎడమ సీలు దగ్గర నల్లటి చార. ఆయన అనుకున్నదే. బల్బు కుడివైపు తిప్పాడు. అక్కడా ఒక చార. ముందువైపు, ఇంజను నుంచి వచ్చే పొడుగు రాడ్డు హౌసింగులో దూరే చోట మూడో చార.

కుడి సీలునూ ముందు సీలునూ ఖాజా ఇంతవరకు ముట్టుకోలేదు. అవి బండితో పాటు వచ్చినవి.

గుంత గోడకు ఆనుకున్నాడు. ఒక చోట కారితే చెయ్యి తప్పు. మూడు చోట్లా ఒక్కసారే కారుతోందంటే లోపల నుంచి ఏదో తోస్తోంది. ఇంకా సంతోషపడే ధైర్యం రాలేదు. ఆయిలు పోసే చోట బోల్టుకు పానా పెట్టి, మొహం పక్కకు తిప్పుకుని, మెల్లగా అర చుట్టు వదులు చేశాడు. బుస్సుమని వేడి గాలి వచ్చింది. ఎంతసేపు వచ్చిందంటే, పైన బెంచీ మీద ఉన్న కోటేశ్వరరావు కూడా "పాము గానీ దూరిందా భాయ్" అని అడిగాడు.

వేడెక్కితే లోపలి గాలి ఉబ్బుతుంది. అది పోవడానికి హౌసింగు నడినెత్తిన చిన్న రంధ్రం పెడతాడు చేసినవాడు. ఆ రంధ్రం మూసుకుపోతే గాలి ఆయిలును తోసుకుంటూ సీళ్ల సందులోంచి దారి చేసుకుంటుంది. కొత్త సీలు గట్టిగా ఉన్నన్నాళ్లు ఆపుతుంది, దాని రబ్బరు అంచు కాస్త మెత్తబడగానే వదిలేస్తుంది. ట్రాక్టర్లలో ఇది ఖాజాకు మంచినీళ్ల ప్రాయం. ఎర్రటి కారు, పైగా ఫారిన్‌ది కదా అని ఆ ఆలోచనే రాలేదు.

హౌసింగు నడినెత్తి కంటికి కనపడదు. ఇందాక తుడుస్తున్నప్పుడూ చెయ్యి అక్కడిదాకా పోలేదు. చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి, ఇరుకులోంచి చెయ్యి పైకి పోనిచ్చాడు. వణికే బొటనవేలు ఇనుము మీద తడుముకుంటూ వెళ్లింది. రంధ్రం ఉండాల్సిన చోట రాయిలాంటి బుడిపె తగిలింది. స్క్రూడ్రైవరు మొన ఆనించి, ఒడుపుగా కదిపి కదిపి ఊడదీశాడు. అరచేతిలో పడింది. నీళ్ల పైపులు కారితే పూసే బూడిదరంగు లప్పం. రంధ్రంలో దూరినంత మేర సన్నగా, పైన వేలితో అదిమిన గుంట.

ఖాజా ఆ గుంటలో తన వేలు ఆనించి చూశాడు. తర్వాత తల పైకెత్తాడు.

"కోటయ్యా, కారు కడిగేటప్పుడు అడుగునంతా నీళ్లు కొడతావా?"

"కొట్టనా మరి? మోటరు పెట్టి కొడతా." కోటేశ్వరరావుకు ఎవరో తన పని గురించి అడగడమే సంతోషంగా ఉంది. "హౌసింగు మీద బొక్కుంది చూడు, అందులోకి నీళ్లు పోతయ్యని బండొచ్చిన వారానికే లప్పం పెట్టా. నువ్వు చెప్పిందేగా."

"నేనెప్పుడు చెప్పా?"

"మరిచావా? నేను కొత్తగా ట్రాక్టరెక్కినప్పుడు. దమ్ముకి దిగేముందు ఆ బొక్క మూసుకోరా, లేకపోతే బురదనీళ్లు లోపలికి పోయి గేర్ల పళ్లు అరుగుతయ్యన్నావు. ఇన్నేళ్లూ ఒక్కసారి మరవలా."

చెప్పాడు. వరి మడుల్లో దమ్ము చేయడానికి, అంటే ఇరుసుల లోతు నీళ్లలో దున్నడానికి దిగే ప్రతి ట్రాక్టరు డ్రైవరుకూ ఖాజా అదే చెప్పేవాడు. ఆ చిట్కా ఈ చుట్టుపక్కల తనదేనని గొప్పగా కూడా చెప్పుకునేవాడు.

"పైకొచ్చినాక తీసెయ్యమని కూడా చెప్పా కదయ్యా," అన్నాడు నీరసంగా.

కోటేశ్వరరావు గుంతలోకి తొంగి చూశాడు. "ఇది అసలు దమ్ముకి దిగదుగా భాయ్, పైకి రావటానికి."

ఖాజాకు ముందు దగ్గు వచ్చింది. అది నవ్వని కాసేపటికి తెలిసింది. గుంతలో కూలబడి, ఆయిలు చేతులతోనే మొహం తుడుచుకుంటూ, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వాడు. మూడు నెలలుగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది. సుభానీ పరిగెత్తుకొచ్చి గుంత అంచున గొంతుకూర్చున్నాడు. పెద్దాయనకు ఏమైందోనని వాడి కంగారు.

"ఏం కాలేదురా," అన్నాడు ఖాజా. "చెయ్యి బానే ఉంది."

పై నుంచి చూస్తున్న కోటేశ్వరరావుకు మాత్రం నవ్వు రాలేదు. ఖాజా చేతిలో ఉన్నదేమిటో, ఈ ఏడాదిగా కారిన ఆయిలు ఎవరి పుణ్యమో అతనికి ఇప్పుడే అర్థమవుతోంది. "సాయిబాబుకి తెలిస్తే నన్ను పనిలోంచి తీసేస్తాడు భాయ్," అన్నాడు మెల్లగా.

ఖాజా మళ్లీ హౌసింగు వైపు తిరిగాడు. రంధ్రంలో సన్నటి తీగ ఆడించి శుభ్రం చేశాడు. ఆయిలు సరిచూసి పోశాడు. పౌడరు తుడిచేశాడు. కొత్త సీలు డబ్బా విప్పనే లేదు.

నాలుగింటికి సాయి కిరణ్ బైకు మీద వచ్చాడు. బెంగళూరు వాళ్లతో మాట్లాడుతూనే లోపలికి వచ్చి, ఫోన్ పక్కకు పట్టుకుని అడిగాడు.

"ఏంది మేస్త్రీ, తేలిందా?"

"తేలింది బాబూ. గాలి బొక్క మూసుకుపోయింది. తీశా."

"ఎట్టా మూసుకుపోయింది?"

కోటేశ్వరరావు తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తున్నాడు. చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నాదే తప్పు," అన్నాడు ఖాజా. "ఎప్పుడో ట్రాక్టర్లకి చెప్పిన పాత పద్ధతి, దీనికి పనికిరాలా."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. సాయి కిరణ్‌కు అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపికా లేదు. కారు తీసుకుని తనే కొండకు పోయి, ఘాటు రోడ్డు రెండుసార్లు ఎక్కి దిగి వచ్చాడు. ఖాజా గుంత మీద పలకలు పరిచి, గోడనున్న నిరుటి క్యాలెండరులోంచి పెద్ద కాగితం ఒకటి చింపి, వెనక్కి తిప్పి, హౌసింగు కింద ఆ పలకల మీద పరిచాడు. గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు నట్లు పెట్టాడు. నలుగురూ నిలబడ్డారు. టీ వచ్చింది, తాగారు. అరగంట గడిచింది. సాయి కిరణ్ ఫోన్ లైటు వేసి ఒంగి చూశాడు. ఇంకో పావుగంట ఆగి మళ్లీ చూశాడు.

"బెంగళూరు వద్దులే," అన్నాడు చివరికి. ఆ మాటలో సంతోషం దాచుకోవడం అతనికి చేతకాలేదు. "వచ్చే నెల సర్వీసుకి నీ దగ్గరికే తెస్తా మేస్త్రీ."

"వచ్చే నెల నేనుండను బాబూ. మానేస్తన్నా."

"అదేంది? ఇప్పుడేగా బాగుచేసింది?"

"అందుకే," అన్నాడు ఖాజా.

కోటేశ్వరరావు వెళ్లబోతూ ఆగి, రెండు చేతులూ కలిపి ఖాజా చేతిని పట్టుకున్నాడు. కారు రోడ్డెక్కి, స్పీడు బ్రేకరు దగ్గర పొట్ట గీరుకుని, వెళ్లిపోయింది.

ఖాజా కిరసనాయిలుతో ఒకసారి, సబ్బు పొడితో రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు. బొటనవేలు ఇంకా వణుకుతూనే ఉంది. వణకనీ అనుకున్నాడు. షట్టరు తాళంచెవి సుభానీకి ఇచ్చాడు. ఎన్నాళ్ల నుంచో చోటు చాలడం లేదంటున్నాడు, వాడుకుంటాడు. సుభానీ వద్దని కాసేపు పేచీ పెట్టాడు, తర్వాత కళ్లకు అద్దుకుని జేబులో వేసుకున్నాడు. మస్తాన్‌బీకి ఫోన్ చేసి, ఇంటికి వస్తున్నా, అన్నం వండమని చెప్పాడు. ఇంత పెందలాడే ఎందుకని అడిగితే, ఇక నుంచి రోజూ ఇంతే అన్నాడు.

ఇంకా పొద్దు ఉండగానే మోపెడ్ మీద వినుకొండ రోడ్డు దాటి మలుపు తిరిగాడు. వెనక్కి చూడలేదు.

మర్నాడు పొద్దున సుభానీ షట్టరు ఎత్తి, తన వెల్డింగు మిషను లోపలికి జరపబోయి ఆగాడు. కారు నిలబడిన చోట, నాలుగు మూలలా నాలుగు నట్లతో, తెల్లటి కాగితం పరిచినట్టే ఉంది. దాని మీద ఒక్క చుక్క లేదు.